తరుగు రాసే మనిషి

ముప్పై ఒకటో నంబరు పిన్నును సన్నటి పట్టకారుతో ఎత్తి, కాటా పళ్ళెంలో పెట్టి, గాజు తలుపు మూసి తూకంగారు ఊపిరి బిగబట్టాడు. ఆ కాటాకు ఊపిరి పడదు. పక్కన ఎవరైనా నిట్టూర్చారంటే చాలు, దాని మీద అంకెలు కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతాయి. అందుకని అంకె నిలబడేదాకా ఆయన గోడ గడియారం వైపు చూస్తాడు. సెకన్ల ముల్లు ఇరవై అడుగులు వేసేసరికి అంకె నిలుస్తుంది. మామూలు రోజుల్లో అప్పుడు తల తిప్పి చూసి, పుస్తకంలో రాసుకుంటాడు. ఇవాళ ముల్లు ముప్పై అడుగులు వేసినా ఆయన తల తిప్పలేదు.

ఆ అంకె కోసం ఆయన రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినలేదు. ఇప్పుడు అది ఎదురుగా ఉంది. చూడడానికి ధైర్యం చాలడం లేదు.

పొట్టి మనిషి. అరవై రెండేళ్ళు. ఛాతీ వెడల్పుగా, కాళ్ళు కాస్త వంకరగా ఉంటాయి. కుర్రతనంలో బస్తాలు మోసినవాళ్ళందరికీ అలాగే ఉంటాయని ఆయన అంటాడు. చేతివేళ్ళు అరటిగెలలోంచి తీసి అతికించినట్టు ఉంటాయి. ఆ వేళ్ళతో వెంట్రుకవాసి పట్టకారు పట్టుకుని, అగ్గిపుల్ల కన్నా కాస్త పొట్టి, కాస్త లావు ఉండే పిన్నును నలగకుండా ఎత్తుతుంటే, కొత్తగా చేరినవాళ్ళు పని ఆపి చూస్తారు. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన తూకంగారే.

అది విరిగిన ఎముకలకు పెట్టే పిన్నులు చేసే చోటు. ఇనుప పిన్నులు కాదు, ఒంట్లో వాటంతట అవే కరిగిపోయే రకం. పిన్నులు చేసేవాళ్ళు కింది అంతస్తులో ఉంటారు. అవి ఎన్నాళ్ళకు ఎంత కరుగుతాయో చూసే గది పైన. ఆ గది నిండా ఒక పెద్ద నీళ్ళతొట్టి. అందులో వరసగా మూతలు బిగించిన గాజుసీసాలు. ఒక్కో సీసాలో ఒక్కో పిన్ను. సీసాల్లో పోసేది మామూలు నీళ్ళు కావు, నెత్తురులో ఉండే ఉప్పులన్నీ పాళ్ళు తప్పకుండా కలిపినవి. తొట్టికి రాత్రీ పగలూ ముప్పై ఏడు డిగ్రీల వేడి. అంటే ఒంటి వేడి. గోడకు వేడి చూపించే డబ్బా ఉన్నా, తూకంగారు పొద్దున్నే వచ్చి చిటికెన వేలు తొట్టిలో ముంచి చూస్తాడు. డబ్బా మీద నమ్మకం లేక కాదు, పలకరింపు.

ఇరవై రెండేళ్ళుగా ఆయన పని ఇదే. నెలకోసారి సోమవారం రెండు సీసాలు తీయాలి. పిన్నులు కడగాలి, గాలి లేని పెట్టెలో రెండు రోజులు ఆరబెట్టాలి. బుధవారం తూచాలి. ఎంత తరిగిందో రాయాలి.

ఆ తరుగు రాయడం నేర్చుకోవడానికి ఆయనకు కొంచెం కాలం పట్టింది. ఇంకొకళ్ళయితే దాచుకునే సంగతి. ఆయన మాత్రం అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చెబుతాడు.

ఇక్కడికి రాకముందు పదిహేనేళ్ళు ఆయన ఒక ధాన్యం కొట్టులో కాటా దగ్గర ఉండేవాడు. తక్కెడ ముల్లు చూడకుండానే చేతి అంచనాతో కిలో తూచి ఇచ్చేవాడు. తూచాక ఇంకో చారెడు కొసరు వేసేవాడు. ఆ కొట్టులో ఒకే ఒక్క మాటకు ఆయన వణికేవాడు. తరుగు. వచ్చిన బస్తాకూ అమ్మిన లెక్కకూ పొత్తు కుదరకపోతే, మధ్యలో తగ్గినదంతా కాటా దగ్గరున్నవాడి నెత్తిన పడేది. ఎలుకలు తిన్నా వాడే, తేమ ఆరినా వాడే. 'నీ చేతుల్లోనే పోయింది' అనేవాడు యజమాని. ఆ మాట పడ్డ రోజున ఇంటికి వెళ్ళి భార్య ముఖంలోకి చూడలేకపోయేవాడు.

కొట్టు మూతపడింది. తూకం తెలిసిన మనిషి కావాలంటే ఇక్కడికి వచ్చాడు. అప్పట్లో చూస్తున్నది తొందరగా కరిగే రకం. మొదటి వారం తూచాడు, రాశాడు. రెండో వారం తూస్తే తగ్గింది. ఒళ్ళు చల్లబడింది. అటూ ఇటూ చూసి, మొదటి వారం అంకెనే మళ్ళీ రాశాడు. మూడో వారం ఇంకా తగ్గింది. మళ్ళీ పాత అంకే రాశాడు. నాలుగో వారం పెద్ద మేడం పుస్తకం చూసింది. ఆ గదికంతటికీ ఆవిడే పెద్ద. కరగాల్సిన పిన్ను మూడు వారాలు పిసరంతైనా కరగలేదు. కింద పిన్నులు చేసేవాళ్ళ మీద కేకలేసింది. వాళ్ళు నీళ్ళు కలిపినవాళ్ళ మీద వేశారు. రెండు రోజులు గదిలో గొడవ. ఎవరూ తూకంగారి వైపు చూడనైనా లేదు. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మూడో రోజు ఆయనే వెళ్ళి మేడం ముందు నిలబడ్డాడు.

"తగ్గిందమ్మా. ప్రతివారం తగ్గింది. నేనే రాయలేదు."

"ఎందుకు రాయలేదు?"

"తరుగు నా మీదకొస్తుందని."

మేడంకు ముందు అర్థం కాలేదు. కూర్చోబెట్టి అడిగింది. ధాన్యం కొట్టు సంగతంతా విన్నది. విని నవ్వింది గానీ, ఆ నవ్వులో వెక్కిరింత లేదు. "ఇక్కడ తరిగితేనే మనకు పని. ఎంత తరిగితే అంత రాయండి. దాన్ని మీరు తిన్నారని ఎవరూ అనరు" అంది. పోయిన మూడు వారాల అంకెల మీద అడ్డంగా గీత గీసి, కొత్త సీసాలు మొదలుపెట్టించింది. పనిలోంచి తీసేయలేదు. తీసేస్తే అడిగే దిక్కు లేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్యతో, "తగ్గినా తిట్టని చోటు ఒకటి ఉందే" అన్నాడట. ఆ భార్య ఇప్పుడు లేదు. ఉన్నన్నాళ్ళూ ఆవిడ పెద్ద మేడంను కళ్ళతో చూడకపోయినా ఇంట్లో మనిషిలా తలుచుకునేది.

ఇక ఇవాళ్టి భయం సంగతి.

కూతురు, అల్లుడు, మనవరాలు ఆయనతోనే ఉంటారు. మనవరాలికి తొమ్మిదేళ్ళు. చిన్నప్పుడు గువ్వలా ఒదిగి పడుకునేదని గువ్వ అని పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఒక్క క్షణం ఒదిగి ఉండదు, పేరు మాత్రం ఉండిపోయింది. పదహారు నెలల కిందట ప్రహరీ గోడ మీంచి దూకి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. విరిగిన ముక్కను నిలబెట్టడానికి రెండు పిన్నులు కావాలన్నాడు ఎముకల డాక్టరు. ఇనుమా, కరిగే రకమా అని అడిగాడు.

అల్లుడు లారీ మెకానిక్కు. ముక్కుసూటి మనిషి. "బోల్టు కరిగిపోతే బండేమవుతుంది మామయ్యా?" అన్నాడు.

"బండి తనంతట తాను అతుక్కోదు. ఎముక అతుక్కుంటుంది" అన్నాడు తూకంగారు. "ఇనుమైతే ఎదిగే పిల్లకి మళ్ళీ కోసి తీయాలి. ఇదైతే ఒక్కసారే. నా చేతుల మీదుగా ఎన్ని కరిగాయో నాకు తెలుసు."

ఇంట్లో ఆయన మాట నెగ్గింది. గువ్వకు పెట్టిన పిన్నులూ, ఆ వారమే తొట్టిలోకి దిగిన నలభై సీసాల్లోని పిన్నులూ ఒకే కాన్పులో పుట్టినవి. నంబర్లు చూసి మరీ తెలుసుకున్నాడు. నలభయ్యో సీసాను చివరిదాకా తీయరు. అది పూర్తిగా మాయమయ్యేదాకా ఉంచి చూసేది. దాని చీటీ మీద నంబరు కింద, భూతద్దం పెడితే గానీ కనపడనంత చిన్నగా, 'గువ్వ' అని రాసుకున్నాడు.

ఏడాదికి పైగా అంతా సవ్యంగా నడిచింది. చెయ్యి అతుక్కుంది. గువ్వ మళ్ళీ గోడలెక్కింది. నెల కిందట మోచేతి పక్కన ఉసిరికాయంత వాపు లేచింది. నొప్పి లేదు, జ్వరం లేదు, నెత్తురు పరీక్షలో ఏమీ లేదు. ఎక్స్‌రేలో ఎముక నిక్షేపంగా ఉంది. పిన్ను మాత్రం ఎక్స్‌రేకు కనపడే వస్తువు కాదు. స్కానింగులో నీరు చేరినట్టు తెలిసింది, ఎందుకు చేరిందో తెలియలేదు. "పిన్ను ఇప్పుడే బాగా చిట్లిపోతూ ఉంటే, ఆ పొడిని ఊడ్చుకోడానికి ఒళ్ళు నీరు తెచ్చుకుంటుంది. అదే తగ్గుతుంది. పిన్ను ఇంకా గట్టిగానే ఉంటే మాత్రం ఈ వాపుకి వేరే కారణం ఉన్నట్టు. కోసి చూడాలి. బుధవారం రండి, తేల్చేద్దాం" అన్నాడు డాక్టరు.

కోయడం అన్న మాట విన్న దగ్గర్నుంచి గువ్వ చొక్కా చెయ్యి పైకి మడవనివ్వడం లేదు. అల్లుడు ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే తూకంగారికి గుచ్చుకుంది. కూతురు కూడా అనలేదు, కానీ అన్నం వడ్డించేటప్పుడు ఆయన వైపు చూడలేదు. ఎక్కడ పోయింది, ఎవరి చేతుల్లో పోయింది అని ఆయన్ని ఎవరూ అడగకుండానే, పాత కొట్టులో కాటా దగ్గర నిలబడ్డట్టు ఉంది.

ముప్పై ఒకటో పిన్ను తెల్లబడి, సుద్దముక్కలా ఉంది. కిందటి నెల దాని తోటిది తొంభై ఏడు మిల్లీగ్రాములు తూగింది. మొదట్లో అన్నీ నూట ఇరవై. ఏడాదంతా బరువు అలాగే ఉండి, లోపల బలం మాత్రమే సడలే రకం ఇది. నీరు లోపలికి చేరి పొడవాటి దారాలను పొట్టి ముక్కలు చేస్తుంది. ముక్కలు బయటికి జారేంత పొట్టివయ్యాకే బరువు పడిపోవడం మొదలవుతుంది. పదహారో నెలలో బాగా పడిపోయి ఉంటే, గువ్వ చేతిలోనూ అదే జరుగుతున్నట్టు. పడకపోతే కత్తి.

తూకంగారు తల తిప్పాడు. అరవై ఒకటి పాయింట్ రెండు.

గుండె ఒక్కసారి కొట్టుకోవడం మరిచిపోయి మళ్ళీ గుర్తు తెచ్చుకుంది. ముప్పై రెండో పిన్ను పెట్టాడు. యాభై తొమ్మిది పాయింట్ ఎనిమిది. నెలలో మూడో వంతుకు పైగా పోయింది. తన జన్మలో తరుగు చూసి అంత సంతోషించిన రోజు లేదు.

వెంటనే పుస్తకంలో రాయబోయి ఆగిపోయాడు. పదిహేనేళ్ళు కొసరు వేసిన చెయ్యి అది. ఇష్టమున్నవాళ్ళకు ఇంకాస్త ఎక్కువే వేసిన చెయ్యి. మనసు ఎటు మొగ్గితే ముల్లు అటు మొగ్గుతుందని ఆయనకన్నా తెలిసినవాళ్ళు ఎవరున్నారు. పిన్ను మీంచి చిన్న పొడి రాలిందేమో, పట్టకారు గట్టిగా నొక్కాడేమో. రెండు అంకెలూ చిన్న చీటీ మీద రాసి, మడిచి, బల్ల మీదున్న తూకపురాయి కింద పెట్టాడు. కిటికీ దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటున్న చిన్న మేడంను పిలిచాడు. చదువుకుని వచ్చి మూడేళ్ళయిన అమ్మాయి.

"అమ్మా, ఈ రెండూ మీరోసారి తూచండి."

"మీరు తూచాక నేనెందుకండీ?"

"ఇవాళ నా చెయ్యి నాది కాదు."

ఆ అమ్మాయి మరి అడగలేదు. మోచేతి సంగతి గదిలో అందరికీ తెలుసు. పట్టకారు అందుకుంది. తూకంగారు దూరంగా వెళ్ళి, తొట్టి అవతల, గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టినట్టున్నారు, గదిలో తొట్టి గుడగుడ తప్ప ఏమీ వినపడలేదు.

"మొదటిది అరవై ఒకటి పాయింట్ రెండు. రెండోది యాభై తొమ్మిది పాయింట్ ఎనిమిది."

తూకంగారు వచ్చి రాయి ఎత్తి చీటీ విప్పి ఆమె ముందు పెట్టాడు. చూసి ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. కుర్చీలో కూర్చుని తుండుతో ముఖం తుడుచుకున్నాడు. ఈ మధ్య కాస్త కదిలినా ఆయాసం వస్తోంది. వయసు అంటాడు, ఎవరైనా అడిగితే.

ఆ రాయి ఆయన సొంతం. ధాన్యం కొట్టు మూసేటప్పుడు యజమానిని అడిగి తెచ్చుకున్న ఇనప తూకపురాయి. మీద యాభై గ్రాములు అని పోతపోసి ఉంది. పుస్తకం పేజీలు ఫ్యాను గాలికి లేవకుండా బరువు పెడతాడు. ఇక్కడ చేరిన కొత్తలో ఒకరోజు సరదాకు దాన్ని గాజు కాటాలో పెట్టి చూస్తే నలభై తొమ్మిది పాయింట్ రెండు తూగింది. ఆయన నివ్వెరపోయాడు. పదిహేనేళ్ళు, పాపం, ఎంతమందికి తక్కువ తూచానోనని ఆ పూటంతా బాధపడ్డాడు. చివరికి, కొసరు వేసేవాణ్ణి కాబట్టి సరిపోయి ఉంటుందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. తగ్గిన ఆ కాస్త ఇనుమూ ఎక్కడికి పోయిందని పెద్ద మేడంను అడిగితే, "మీ వేళ్ళకే అంటుకుని పోయుంటుంది" అంది. ఆ మాట ఆయనకు ఎందుకో చాలా నచ్చింది.

అంకెలు పుస్తకంలో రాసి, పుస్తకం పట్టుకుని పెద్ద మేడం గదికి వెళ్ళాడు. ఆవిడకు జుట్టంతా నెరిసిపోయింది. పుస్తకం బయటికి తీసుకువెళ్ళకూడదన్నది నియమం. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పదహారు నెలల అంకెలూ స్వయంగా ఒక కాగితం మీదకు ఎత్తి రాసి, కింద సంతకం పెట్టి ముద్ర వేసింది.

"డాక్టరుకి ఫోన్లో కూడా చెప్తాను. ఇందులో మొదటి మూడు వారాలు లెక్కలోకి తీసుకోవద్దంటారా?" అంది.

ఇరవై రెండేళ్ళ కిందటి ఎకసెక్కం. ఏడాదికోసారైనా ఆడకపోతే ఆవిడకు తోచదు. తూకంగారికి ఎప్పుడూ నవ్వు వచ్చేది. ఇవాళ మాత్రం కళ్ళు చెమర్చాయి.

"ఆవేళ మీరు నన్ను ఉంచుకున్నారమ్మా" అన్నాడు.

"ఆవేళ మీరొచ్చి చెప్పారు. చెప్పేవాళ్ళు దొరకొద్దూ?" అని కాగితం మడిచి ఆయన జేబులో ఆవిడే పెట్టింది. "వెళ్ళండి, పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది."

ఆస్పత్రి వరండాలో బల్ల మీద గువ్వ తల్లికీ తండ్రికీ మధ్య కూర్చుని ఉంది. కుడిచెయ్యి కడుపులో దాచుకుంది. అల్లుడి గోళ్ళ సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు. పని మధ్యలో వచ్చినట్టున్నాడు. తూకంగారు వచ్చి గువ్వ ముందు గొంతుకూర్చుని, రెండు చంకల కిందా చేతులేసి కాస్త ఎత్తి దించాడు.

"ఇరవై మూడు కిలోల ఆరొందలు. కిందటి వారం కంటే రెండొందలు తగ్గావు. అన్నం తినడం లేదా?"

"నువ్వు తిన్నావా?" అంది గువ్వ.

లోపల డాక్టరు కాగితాన్ని పైనుంచి కిందికీ, కిందనుంచి పైకీ చదివాడు. నంబర్లు తన రికార్డులోవాటితో సరిచూసుకున్నాడు. గువ్వ చొక్కా చెయ్యి పైకి మడవడానికి ఒప్పుకోలేదు. తాతయ్య మడిస్తే ఒప్పుకుంది. డాక్టరు వాపును రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి, వేడిగా ఉందేమోనని చేతి వెనకవైపు ఆనించి చూశాడు. మోచెయ్యి చాపమన్నాడు, ముడవమన్నాడు.

"ఇవి తూచిందెవరు?"

"నేనేనండి."

"మీరు పాప తాతగారు కదా?"

"అందుకే నేను తూచాక, నా అంకె చెప్పకుండా, మా చిన్న మేడం చేత కూడా తూయించాను. కావాలంటే ఆవిణ్ణి అడగండి."

డాక్టరు ఆయన ముఖంలోకి కాసేపు చూశాడు. "అక్కర్లేదు" అన్నాడు. కాగితం ఫైల్లో పెట్టి, వేలు ఆఖరి అంకె మీద ఉంచాడు. "పిన్ను విచ్చిపోతోంది. వాపు వచ్చింది దానికే అనుకోవచ్చు. ఇప్పుడు కొయ్యడం అనవసరం. ఆరు వారాలు ఆగుదాం. మధ్యలో జ్వరం వచ్చినా, ఎర్రబడినా, నొప్పి పుట్టినా ఒక్క గంట కూడా ఆగకుండా తీసుకురండి."

"అంటే కొయ్యరా?" అంది గువ్వ.

"కొయ్యను."

గువ్వ చొక్కా చెయ్యి తనే ఇంకాస్త పైకి మడుచుకుంది. తల్లి గోడ వైపు తిరిగి పమిట చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అల్లుడు బయటికి వచ్చాక వరండాలో మామగారి చెయ్యి పట్టుకున్నాడు. గ్రీజు చేతులతో పట్టుకున్నానని గుర్తొచ్చి వదలబోతే, తూకంగారు వదలలేదు.

"బోల్టులు నాకు తెలుసు మామయ్యా. ఇవి మీకు తెలుసు. ఊరికే భయపడ్డాను."

"నేను భయపడలేదా ఏంటి?" అన్నాడు తూకంగారు.

అల్లుడు షెడ్డుకు వెళ్ళిపోయాడు. మిగతా ముగ్గురూ బస్సెక్కారు. ఎండ ఇంకా ఉంది. అంతకుముందే ఒక జల్లు పడి వెలిసింది. కండక్టరు తూకంగారికి పాత స్నేహితుడు. పొద్దున్నే ఆయన కిటికీ పక్కన కునుకు తీయడం, దిగాల్సిన చోట కండక్టరు లేపడం ఏళ్ళ తరబడి నడుస్తున్న ఒప్పందం. "ఏం తూకంగారూ, బస్సులో మెలకువగా ఉన్నారు?" అన్నాడు. "ఇవాళ నిద్రెక్కడ పడుతుంది" అన్నాడు ఆయన.

గువ్వ కిటికీ దగ్గర కూర్చుంది. "తాతయ్యా, కరిగిపోయిన పిన్ను ఎక్కడికి పోతుంది?"

ఇది ఆమె చాలాసార్లు అడిగిన ప్రశ్నే. ఈ నెలరోజులూ అడగడం మానేసింది. మళ్ళీ అడిగినందుకు ఆయనకు ప్రాణం లేచి వచ్చింది.

"నువ్వు బాగా పరుగెత్తినప్పుడు కాళ్ళల్లో ఒక పులుపు పుడుతుంది. పిన్ను కరిగితే వచ్చేది కూడా అదే. దాన్ని ఏం చెయ్యాలో ఒంటికి ముందే తెలుసు, కొత్తగా నేర్పక్కర్లేదు. కాల్చేసి, కొంత నీళ్ళు చేస్తుంది, కొంత ఊపిరి చేసి బయటికి పంపేస్తుంది."

"అంటే ఇప్పుడు నా ఊపిరిలో పిన్ను ఉందా?"

"పిసరు ఉండొచ్చు."

గువ్వ చల్లటి కిటికీ అద్దం మీద హా అని ఊదింది. గుండ్రంగా ఆవిరి పట్టింది. దాన్ని దగ్గరగా చూసి, పక్కనే ఇంకోటి ఊదింది. "నువ్వు కూడా ఊదు తాతయ్యా." ఆయన వంగి ఊదాడు. ఆయాసం వల్ల ఆయనది చిన్న వృత్తం పడింది. "నీ ఊపిరిలో ఏముంది?" అంటే, "ధాన్యం దుమ్ము" అన్నాడు. వెనక సీటులో కూతురు నవ్వడం వినపడింది. ఆ నవ్వు విని నెలయింది.

ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో తూకంగారికి తెలియలేదు. పెద్ద మేడంకా, తీసేయకుండా ఉంచుకున్నందుకు. నమ్మిన డాక్టరుకా. తిట్టని అల్లుడికా. చెప్పిన మాట తప్పకుండా నెలలో మూడో వంతు కరిగిన ఆ రెండు పిన్నులకా. అందరినీ వరసగా తలుచుకున్నాడు. కొట్టు యజమానిని కూడా తలుచుకున్నాడు. తరుగంటే అంత భయం ఆయన పెట్టబట్టే కదా, ఇవాళ్టి దాకా చెయ్యి జాగ్రత్తగా ఉంది. తలుచుకుంటూనే కునుకు పట్టింది. స్టాపు రాగానే కండక్టరు పిలవబోతే, గువ్వ నోటి మీద వేలేసుకుని వారించి, తనే మెల్లగా లేపింది.

ఆ తరువాత మూడో బుధవారం ఉదయం తూకంగారు అదే బస్సులో, కిటికీ పక్కన కూర్చుని ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు. స్టాపు దగ్గర కండక్టరు పిలిచాడు. మళ్ళీ పిలిచి, భుజం మీద చెయ్యి వేశాడు. ఒళ్ళో టిఫిన్ డబ్బా ఒరిగిపోకుండా రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. బస్సు చాలాసేపు అక్కడే ఆగింది. ఎక్కినవాళ్ళెవరూ తొందరపెట్టలేదు.

ఆరు వారాలు నిండాక డాక్టరు గువ్వ మోచెయ్యి తడిమి చూశాడు. వాపు లేదు. స్కానింగులో నీరు లేదు. ఇక రానక్కర్లేదన్నాడు. ఆస్పత్రి నుంచి తల్లీకూతుళ్ళు నేరుగా సీసాల గదికి వచ్చారు, ఆయన వస్తువులు తీసుకువెళ్ళడానికి. వస్తువులంటే ఎన్నో లేవు. ఒక కళ్ళజోడు పెట్టె, ఒక తుండు, పనిలో తొడుక్కునే చొక్కా. పెద్ద మేడం అవి స్వయంగా సంచిలో సర్ది ఉంచింది. గువ్వ చేత చెయ్యి చాపించి, ముడిపించి, చూసుకుని, కూతురి వైపు తిరిగింది.

"మీ నాన్నగారు రాసిన అంకె నేను మళ్ళీ ఎప్పుడూ సరిచూడలేదమ్మా. అవసరం రాలేదు" అంది.

"ఆయన మీ గురించి రోజూ చెప్పేవారండి" అంది కూతురు. సంచి అందుకుంది.

చిన్న మేడం గువ్వను తొట్టి దగ్గరకు తీసుకువెళ్ళి నలభయ్యో సీసా చూపించింది. అడుగున బియ్యపు నూకంత తెల్లటి పొడి, అంతే. కదిపితే కాస్త లేచి మళ్ళీ కూర్చుంది. చీటీ మీద చిన్న అక్షరాలు గువ్వకు భూతద్దం లేకుండానే కనపడ్డాయి. వాటిని వేలితో ఒకసారి తడిమింది. తరువాత, ఎవరూ చెప్పకుండానే, చిటికెన వేలు తొట్టి నీళ్ళలో ముంచి చూసింది.

బల్ల మీద తరుగు పుస్తకం ఉంది. దాని మీద రాయి. "అది కూడా మీదే. తీసుకెళ్ళండి" అంది చిన్న మేడం. గువ్వ రాయి ఎత్తింది. ఫ్యాను గాలికి పుస్తకం పేజీలు ఒక్కసారిగా లేచాయి. తాతయ్య గుండ్రటి అంకెలు, నెల తరువాత నెల, ముందు మారకుండా, తరువాత ఒకదాని కంటే ఒకటి తక్కువగా, గబగబా కదిలిపోయాయి. చివర కొన్ని మాత్రం వేరే చేతిరాత.

"వద్దులెండి" అంది గువ్వ. "పుస్తకం ఎగిరిపోతుంది."

పేజీలు సరిచేసి, రాయి మళ్ళీ పుస్తకం మీద పెట్టింది. వాళ్ళు వెళ్ళిపోయాక అది అక్కడే ఉంది, నల్లగా, అంచులు వేళ్ళకు అరిగి నున్నబడి, యాభై అని చెప్పుకుంటూ నలభై తొమ్మిది పాయింట్ రెండే తూగే రాయి.